గిన్నెలన్నీ వచ్చేయి

దువ్వాడ,
5-2-85.

అర్జునరావుకి బావ తవిటయ్య ఆశీస్సులు.

మీ అప్ప గురువారం పొద్దుట బస్సెక్కింది. నీ దగ్గరకి చేరిందనే అనుకుంటన్నాను. చేరకపోతే ఈపాటికి నువ్వే రాసుందువు. నాలుగు రోజులు తమ్ముడింట్లో ఉండి వస్తానంది. రెండు చీరలు పట్టుకెళ్ళింది. ఒంట్లో ఎలాగుందో రాయు.

ఇక్కడ చెప్పుకోదగ్గ సంగతులేం లేవు. రిపబ్లిక్ డే సెలవులకి మమ్మల్ని ఒక ఊరేగింపుకి తీసుకెళ్ళేరు. మా అబ్బాయి శ్రీరామ్మూర్తి ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్సులో చేస్తన్నాడు కదా. ఆ సెక్షను వాళ్ళందరూ రెండు వ్యాన్లు మాట్లాడుకుని, సంసారాలతో సహా జగదల్పూర్ అవతల కాంగేర్ అడవికి బయల్దేరేరు. దాన్ని గవర్నమెంటోళ్ళు నేషనల్ పార్కు చేసేరట. బోర్డు కట్టేరు. చెట్లు మామూలు చెట్లే.

దీనికంతటికీ పెద్ద అచ్యుతరామయ్యని ఒక ఆఫీసరు. రాజమండ్రి వైపు మనిషి. మెడలో విజిలు, చేతిలో అట్ట, అట్టకి కాయితం. ఆయన విజిలూదితే దిగాలి, ఊదితే ఎక్కాలి, ఊదితే పులిహోర తినాలి. పోర్టులో ముప్ఫై ఏళ్ళు సైరను విన్నాను. రిటైరయ్యేకైనా చెవులకి సుఖం లేదు.

అక్కడ ఒక జలపాతం ఉంది. రెండొందల పైచిలుకు మెట్లు దిగాలి. దిగి చూస్తే నీళ్ళు పైనుంచి కిందకి పడతన్నాయి. నీళ్ళు కిందకి కాక ఎటు పడతాయి? దానికే అందరూ అబ్బ అబ్బ అన్నారు. పులి ఉందన్నారు. కోతులు కనిపించేయి. కోతులు సింహాచలంలోనూ ఉన్నాయి, టిక్కెట్టు లేకుండా.

ఆ కొండల వైపు నుంచే కదా మన పోర్టుకి రైళ్ళ మీద ఇనప రాయి దిగేది. పదిహేనేళ్ళు ఆ ఎర్రదుమ్ము తిన్నాను. నా బనీన్లు ఇప్పటికీ ఎరుపే. ఆ కొండలే నా మీదకొచ్చి పడ్డాయి. మళ్ళీ వ్యాను కట్టుకుని వాటిని చూడ్డానికెళ్ళడం ఎందుకో నాకు తెలీదు.

తిరిగొచ్చేటప్పుడు ఆ జలపాతం దగ్గర కాస్త ఆలస్యం అయింది. దాని మీద మీ అప్ప మనసు కష్టపెట్టుకున్నట్టుంది. సర్దుకుంటుంది. ఎప్పుడొస్తుందో కనుక్కుని రాయు.

తవిటయ్య

*

రణస్థలం,
12-2-85.

బావకి దండాలు.

నీ ఉత్తరం చూసి మా ఇంట్లో అందరం ఆశ్చర్యపోయేం. నీకు ఇన్ని మాటలు వస్తాయని నాకు తెలీదు బావా. నా పెళ్ళికొచ్చి మూడు రోజులున్నావు. మూడే మాటలన్నావు. ‘మజ్జిగ.’ ‘చాలు.’ ‘ఎల్తాను.’ రోజుకొకటి. ఇప్పుడు జలపాతాన్ని కూడా తిట్టగలుగుతున్నావు. సంతోషం.

అప్ప బాగుంది. తెల్లారే లేస్తాది, పశువుల దగ్గర తుడుస్తాది, మా ఆవిడ గంగాలమ్మ చేతిలో పని లాక్కుంటాది. నీ ఊసు మాత్రం ఎత్తదు. మొన్న గంగాలమ్మే కదిపింది.

‘ఒదినా, అన్నియ్యకి ఒంట్లో బాగుందా?’

‘బాగుంటాడు. బాగుండక ఆయనకేటి?’ అనీసి చేట పట్టుకుని పెరట్లోకి ఎల్లిపోయింది.

నీ ఉత్తరమొచ్చేక నేను అడిగేను. ‘అక్కడ కాస్త ఆలస్యమైందట కదా అప్పా’ అన్నాను. చేతిలో గిన్నె కింద పెట్టింది. నా వైపు చూసి నవ్వింది. నలభై ఏళ్ళుగా మా అప్ప నవ్వు చూస్తన్నాను, ఆ నవ్వు నేనెరగను.

‘ఎంతసేపో మీ బావనడుగు. ఆయన దగ్గర వాచీ ఉంది’ అంది.

కాబట్టి అడుగుతున్నాను. కాస్తంటే ఎంత? ఎందుకు? ఎవరి వల్ల? జలపాతం సంగతి వద్దు. నీళ్ళు కిందకే పడతాయని మాకూ తెలుసు.

అర్జునరావు

*

దువ్వాడ,
18-2-85.

అర్జునరావుకి,

మూడు గంటలు.

ఎవరి వల్ల అని అడిగేవు. చెప్తాను. నీ తీర్పు నువ్వే చెప్పు.

మగవాళ్ళకొక వ్యాను, ఆడవాళ్ళకొక వ్యాను. అది అచ్యుతరామయ్య ఏర్పాటు. జలపాతం దగ్గర భోజనాలయ్యేయి. మధ్యాహ్నం రెండున్నరకి పైకొచ్చి ఎక్కుతున్నారు. ఆయన అట్ట తీసి ‘ఒకటి, రెండు, మూడు’ అని మొదలెట్టేడు. మా వియ్యపురాలు జోగమ్మ, అదే, కోడలు పైడితల్లి వాళ్ళమ్మ, అడ్డం పడిపోయింది.

‘ఒద్దు బాబూ ఒద్దు! మడుసుల తలలు లెక్కెట్టకూడదు. లెక్కెడితే ఒకటి తగ్గుతాది. మావోలు అస్సలు ఒప్పుకోరు.’

‘మరి అందరూ వచ్చారో లేదో ఎలా తెలుస్తుందండీ అమ్మగారూ?’

‘వొచ్చీసే ఉంటారు. అడివిలో ఉండిపోడానికి ఎవరికి సరదా? కావాలంటే గిన్నెలు లెక్కెట్టుకోండి.’

గిన్నెలు లెక్కెట్టేరు. బీయస్సీలు చదివినోళ్ళు, ఫ్యాక్టరీలో కోట్ల సరుక్కి లెక్కలు రాసినోళ్ళు, అడివి మధ్యలో నిలబడి గిన్నెలు లెక్కెట్టేరు. పదిహేడు గిన్నెలు, రెండు బకెట్లు, ఒక పెట్రోమాక్సు లైటు. అన్నీ ఉన్నాయి. అచ్యుతరామయ్య కాయితం మీద టిక్కు పెట్టి విజిలూదేడు. మీ అప్ప గిన్నె కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

ఆడవాళ్ళు మా వ్యానులో ఉందనుకున్నారు. పొద్దున్న దానికి వాంతులైతే కాసేపు మా వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుంది లే. మేం వాళ్ళ వ్యానులో ఉందనుకున్నాం.

నాలుగింటికి జగదల్పూర్ సత్రం దగ్గర కాఫీలు పోసేరు. ఒక గ్లాసు మిగిలిపోయింది. ఎవరిదీ ఎవరిదీ అంటే ఎవరిదో తెలీలేదు. చివరికి కోడలు ‘అత్తయ్యేరీ’ అంది. అప్పుడు జోగమ్మ ఏడుపు మొదలెట్టింది. తలలు లెక్కెట్టొద్దన్న మనిషే అందరి కంటే గట్టిగా ఏడ్చింది. చూడవలసిందే.

ఒక వ్యాను వెనక్కి తిప్పేం. అబ్బాయి, అచ్యుతరామయ్య, నేను. వెళ్ళేటప్పటికి అయిదున్నర. మీ అప్ప గార్డు గుడిసె ముందు రాయి మీద కూర్చునుంది. ఒంటి మీద దెబ్బ లేదు. ఎక్కించుకుని వచ్చీసేం.

ఇదీ జరిగింది. ఇందులో నేను చేసిందేముంది? అందరూ కలిసి చేసిన తెలివితక్కువ పనికి మీ అప్ప నన్నొక్కణ్ణీ వదిలీసి రావడమేంటి?

తవిటయ్య

*

రణస్థలం,
27-2-85.

బావా,

గిన్నెల సంగతి చదివి ముందు నవ్వేను. గంగాలమ్మకి చదివి వినిపిస్తే అదీ నవ్వింది. అప్ప నవ్వలేదు.

మూడు రోజులూరుకుని, నిన్న చింతపండు ఒలుస్తూ తనంతట తనే చెప్పింది. మధ్యలో అడ్డం రాకుండా విన్నాను. తను చెప్పింది చెప్పినట్టు రాస్తన్నాను. అబద్ధమైతే అబద్ధమని రాయు.

భోజనాలయ్యేక అందరూ మెట్లెక్కుతుంటే మీ వియ్యపురాలు జోగమ్మ ‘ఒదినా, నా ఇత్తడి గరిటె కిందే ఉండిపోయింది, నువ్వెల్లి తెచ్చిపెట్టు, నా మోకాళ్ళు నొప్పి’ అందట. జోగమ్మ కంటే మా అప్ప నాలుగేళ్ళు పెద్ద. అయినా దిగింది. గరిటె వెతికి పట్టుకుని మళ్ళీ ఎక్కింది. నువ్వు రాసిన లెక్కలో గరిటె లేదు చూసుకో.

ఎక్కుతూ తలెత్తి చూసేసరికి ఆడవాళ్ళ వ్యాను లేదు. మీ వ్యాను కదులుతోంది. ఇంక ఇరవై మెట్లున్నాయట.

‘వెనకద్దంలో మీ బావ కూకున్నాడు. నా వైపు తిరిగేడు. నన్ను సూసేడు. నాను గరిటె పట్టుకున్న సెయ్యి ఎత్తేను. ఆయన ముందుకి తిరిగిపోయేడు.’

ఇంతే చెప్పింది. చెప్పి ఒక పిక్క తీసి పక్కనేసింది.

తరవాత అడిగితే ఇంకొంచెం చెప్పింది. జగదల్పూర్ తిరిగెళ్ళే దారంతా మీ అబ్బాయి ‘నీకు ఒళ్ళు తెలీదా అమ్మా, ఎక్కడ కూర్చుండిపోయేవు, అందరి ముందూ పరువు తీసీసేవు’ అని తిట్టేడట. ఆ ఆఫీసరు, ‘పోన్లెండి శ్రీరామ్మూర్తి గారూ, పెద్దవాళ్ళు, కునుకు పట్టేసుంటుంది’ అన్నాడట. మర్నాటికి రెండు వ్యాన్లలోనూ ఇదే మాట, ముసలావిడ అడివిలో నిద్రపోయిందని. ఆ మాటలన్నీ అంటుంటే నువ్వు పక్కనే కూర్చుని కిటికీలోంచి చెట్లు చూసేవట.

‘మేం వాళ్ళ వ్యానులో ఉందనుకున్నాం’ అని రాసేవు. ఆ మేంలో నువ్వున్నావా బావా? ఒక్క ముక్క రాయు. చూసేవా, చూడలేదా?

అర్జునరావు

*

దువ్వాడ,
6-3-85.

అర్జునరావుకి,

ఆడవాళ్ళ మాటలు విని బావని నిలదీసే వయసా నీది?

వ్యాను అద్దం నిండా దుమ్ము. అటు ఎండ. నాకు శుక్లాలు. మెట్ల మీద మనిషుందో మానుందో నాకేం తెలుస్తుంది? మీ అప్పకి కనిపించినవన్నీ నాకూ కనిపించాలని ఎక్కడుంది?

గరిటె సంగతి నాకు తెలీదు. తెలిస్తే దిగొద్దనే అందును.

ఇంక ఈ విషయం రాయకు.

తవిటయ్య

*

రణస్థలం,
11-3-85.

బావకి,

శుక్లాలు కిందటేడే తీయించుకున్నావు. మర్చిపోయినట్టున్నావు. నేనే దగ్గరుండి నాలుగు రోజులు కట్టు మార్చేను. కట్టు విప్పిన వారానికి ఫిషింగ్ హార్బరుకి తీసుకెళ్తే, దూరంగా వస్తన్న పడవల మీద నంబర్లు ఒకటొకటీ చదివీసేవు. వలలు కుట్టుకునేవాళ్ళు కూడా తలెత్తి చూసేరు. ఇరవై మెట్ల దూరంలో నీ పెళ్ళాం మానులా కనిపించిందా?

నీ ఉత్తరం అప్పకి వినిపించక తప్పలేదు, అడిగింది. విని ఏడుస్తుందేమో అని భయపడ్డాను. ఏడవలేదు, కోప్పడలేదు. లేచి చెయ్యి కడుక్కుంది.

‘అటక మీద నా ఇనప్పెట్టి ఉంది. అది పంపమని రాయు’ అంది.

‘ఎందుకప్పా?’ అన్నాను.

‘బట్టలెట్టుకోడానికి. ఎన్నాళ్ళు గంగాలమ్మ బీరువాలో ఎడతాను?’

నలభై రెండేళ్ళ కిందట ఆ పెట్టితోటే ఈ ఇంట్లోంచి మీ ఇంటికొచ్చింది. నాకప్పుడు ఆరేళ్ళు. బండి మీద ఆ పెట్టి పక్కన నేనే కూర్చున్నాను. ఇప్పుడది వెనక్కొస్తే దాని అర్థమేంటో నేను నీకు రాయక్కర్లేదు.

మా ఇంట్లో అప్పకి చోటుంది. ఎప్పుడూ ఉంటుంది. నీ బెంగ అది కాకూడదు. నీ బెంగ వేరే ఉండాలి.

అర్జునరావు

*

దువ్వాడ,
17-3-85.

అర్జునరావుకి,

చూసేను.

ముందా మాట రాసీసేను. మిగతాది తరవాత.

వెళ్ళేరోజు సాలూరు దాటేక ఘాటీలో నాకు ఒంటికి వెళ్ళాల్సొచ్చింది. ఈ వయసులో ఆగదు. నీకూ వస్తుంది ఈ వయసు. అబ్బాయి చెవిలో చెప్పేను. ఆపేరు. పొట్టంగి దాటేక మళ్ళీ చెప్పేను. మళ్ళీ ఆపేరు. వెనక ఆడవాళ్ళ వ్యాను కూడా వచ్చి ఆగింది. నేను రోడ్డు పక్క నుంచి తిరిగొస్తుంటే అచ్యుతరామయ్య విజిలూదేడు.

‘తాతగారి స్టేషనండోయ్! దిగేవాళ్ళెవరైనా ఉంటే దిగండి!’

అందరూ నవ్వేరు. రెండు వ్యాన్లూ నవ్వేయి. అబ్బాయి నవ్వేడు. జోగమ్మ నవ్వింది. మీ అప్ప ఒక్కతే నవ్వలేదు. ‘నవ్వుతారేటి, మీకు ఒయసు రాదా’ అంది. దాని మాట ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

అక్కణ్ణుంచి నేను నీళ్ళు మానేసేను. మర్నాడు అడివిలోనూ గుక్క తాగలేదు. చచ్చినా సరే ఇంక ఆపమని అనకూడదనుకున్నాను.

జలపాతం దగ్గర వ్యాను కదిలింది. వెనక్కి తిరిగేను. అది మెట్ల మీద ఉంది. చెయ్యెత్తింది. గరిటె మెరిసింది. ఆపండి అనే మాట నా నోట్లోకి వచ్చింది. పళ్ళ దగ్గర ఆగిపోయింది. నేను నోరు తెరిస్తే ముందు ఆయన విజిలు తీస్తాడు. తరవాత పదిమందీ వెనక్కి తిరుగుతారు. మళ్ళీనా తాతగారూ అంటారు. అప్పుడు నాకు అదొక్కటే కనపడింది.

ఆడవాళ్ళ వ్యాను ఇంకా వెనకుంది, ఎక్కించుకుంటారు అనుకున్నాను. మలుపు తిరిగేక చూస్తే అది మా ముందే పోతోంది. అప్పుడు చెప్పొచ్చు. చెప్తే ఇందాకెందుకు చెప్పలేదంటారు. ఒక మైలయింది. అయిదు మైళ్ళయింది. ఎంత దూరమైతే చెప్పడం అంత కష్టమైపోయింది.

కాఫీ గ్లాసు మిగిలినప్పుడు అది ఎవరిదో ఆ సత్రంలో నాకొక్కడికే తెలుసు. అప్పుడూ చెప్పలేదు. నా గ్లాసు నేను తాగేను.

వచ్చే దారిలో అబ్బాయి వాళ్ళమ్మని తిడతన్నాడు. నేను చెట్లు చూసేను. అవేం చెట్లో అడిగితే చెప్పలేను.

ఇన్నాళ్ళూ నీకు ఆ ఆఫీసర్ని వెక్కిరిస్తూ రాసేను. ఆయన విజిలూదేడు, గిన్నెలు లెక్కెట్టేడు. అంతకంటే పాపమేం చెయ్యలేదు. ఆ రెండు వ్యాన్లలోనూ వెక్కిరించడానికి నాకంటే తగినవాడు లేడు.

ఇది మీ అప్పకి చదివి వినిపించు. పెట్టి పంపనని అనను. ఇంకా అటక మీంచి దించలేదు.

తవిటయ్య

*

రణస్థలం,
24-3-85.

బావకి దండాలు.

చదివి వినిపించేను. అప్ప గోడకి జేరబడి మొత్తం వింది. ఘాటీలో నవ్విన ముక్క ఇంకోసారి చదవమంది. చదివేను. ‘నీళ్ళు తాగనేదా! నాకెందుకు సెప్పలేదు?’ అంది. తనలో తనే అనుకున్నట్టు.

నేను ఊరుకోలేక, ‘బావ ఒప్పుకున్నాడు కదా అప్పా, ఇంకేటి?’ అన్నాను.

నా మీద విరుచుకుపడింది.

‘ఏటి ఒప్పుకున్నాడు? ఆయన సూసేడని నాకు తెల్దా? నాకు తెల్సిందే నాకు సెప్పి, ఒప్పుకున్నానంటే సరిపోద్దా? రొండు వ్యాన్లోళ్ళూ నాను అడివిలో తొంగున్నానని అనుకుంటన్నారు. నా కొడుకు అనుకుంటన్నాడు. సెప్తే ఆల్లకి సెప్పమను. కాయితం మీద కాదు. నోటితో.’

‘బావ నోటితోనా?’ అన్నాను. నన్ను తిట్టుకోకు, నవ్వొచ్చీసింది.

‘అవును. అదే నోటితో.’

పెట్టి సంగతి అడిగేను. ‘ఆల్లకి సెప్పేక సూద్దాం’ అంది.

బావా, నేను నిన్నెరుగుదును. దీని కంటే ఇనప రాయి నింపిన ఓడని చేత్తో తొయ్యమంటే నీకు సులువు. కానీ మా అప్పనీ ఎరుగుదును. నువ్వు చెప్పకుండా చెప్పేనని రాస్తే తనకి తెలిసిపోతుంది.

అర్జునరావు

*

దువ్వాడ,
9-4-85.

అర్జునరావుకి,

మొన్న ఆదివారం అచ్యుతరామయ్య తన క్వార్టర్స్‌కి అందర్నీ పిలిచేడు. ఫొటోలు కడిగించేడట. ఎప్పుడూ నేను వెళ్ళను. ఈసారి చొక్కా వేసుకుని అందరికంటే ముందే తయారైపోతే కోడలు వింతగా చూసింది.

ముప్ఫై ఆరు ఫొటోలు. ఇరవైలో అచ్యుతరామయ్యే ముందున్నాడు. జలపాతం కంటే ఆయన పొట్ట బాగా పడింది. ఆల్బం ఒళ్ళు మారుతూ వెళ్తోంది. అందరూ అడివి ఎంత బాగుందో చెప్పుకుంటన్నారు. చూసొచ్చిన వాళ్ళకే చూసొచ్చిన వాళ్ళు చెప్పుకోవడం.

మెట్ల ఫొటో వచ్చింది. జోగమ్మ వేలు పెట్టి చూపించింది.

‘ఇదిగో, ఇక్కడే కదా మా ఒదినగారు కునికిపాట్లు పడ్డారు. పైగా అలిగి తమ్ముడింటికి ఎల్లిపోయేరు.’

నవ్వేరు.

నేను లేచి నిలబడ్డాను. నన్నెవరూ చూడలేదు. అచ్యుతరామయ్య ఒక్కడే చూసి, వెనక వైపు చెయ్యి చూపించి, ‘అటండి, ఎడం పక్క తలుపు’ అన్నాడు.

‘అందుక్కాదు’ అన్నాను.

అప్పుడు అందరూ తిరిగేరు. పదిమందీ. ఆ రోజు వ్యానులో నేను భయపడ్డ పదిమందే. అనుకున్నవన్నీ మర్చిపోయేను. ఇంట్లో మూడు రోజులు అనుకున్న మాటలవి. వచ్చినవి ఇవి:

‘అది నిద్రపోలేదు. జోగమ్మగారి గరిటె కోసం దిగింది. వ్యాను కదిలినప్పుడు మెట్ల మీదుంది. నేను చూసేను. ఆపమనలేదు.’

కూర్చున్నాను.

ఏమవుతుందో అని డెబ్భై రోజులు భయపడ్డాను కదా. ఏమీ అవలేదు. ఎవరో దగ్గేరు. అచ్యుతరామయ్య, ‘అబ్బే, అదా అండీ, అయిపోయిన సంగతి, ఇప్పుడెందుకు లెండి బాబాయి గారూ’ అని కారప్పూస పళ్ళెం నా వైపు తోసేడు. జోగమ్మ, ‘గరిటా? నాకు గుర్తే లేదు సుమీ’ అంది. రెండు నిమిషాల్లో ఆల్బం మళ్ళీ తిరగడం మొదలెట్టింది. ఇంత తేలిక మనుషులకి జడిసా నేను దాన్ని అడివిలో వదిలింది?

అబ్బాయి మాత్రం కారప్పూస ముట్టుకోలేదు. లేచి బయటకెళ్ళిపోయేడు. ఇంటికొచ్చేక అడిగేడు.

‘నాన్నా, ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు కదా. నన్నెందుకు అమ్మని తిట్టనిచ్చేవు?’

‘నోరు రాలేదురా.’

‘నాకు మాత్రం బాగా వచ్చింది’ అన్నాడు. అని గుమ్మంలో కూర్చుండిపోయేడు. రెండు రోజులై నాతో మాట్లాడ్డం లేదు. ఫ్యాక్టరీలో ఈ కథ తిరుగుతోందని కోడలు చెప్పింది. పెళ్ళాన్ని అడివిలో వదిలీసిన తాతగారట నేను. నిన్న దువ్వాడ స్టేషను దగ్గర టీకొట్టులో ఎవరో ఎవరికో నన్ను చూపించేడు. చూపించనీ. ఇన్నాళ్ళూ ఆ నవ్వు మీ అప్ప మీద పడింది. నా మీద పడవలసింది.

పెట్టి దించేను. తుడిచేను. ఏం చెయ్యమంటే అది చేస్తాను. అడిగి రాయు.

తవిటయ్య

*

రణస్థలం,
15-4-85.

సీరామ్మూర్తి నాన్నకి కాశమ్మ రాయడం.

తమ్ముడు రాస్తానన్నాడు. ఒద్దన్నాను. రొండో కలాసు సదివిన సెయ్యి ఇది. అచ్చరాలు ఒంకరుంటే కూడబలుక్కో.

నీ ఉత్తరం రొండు దపాలు సదివించుకున్నాను. జోగమ్మ మొకం ఎలాగైందో సూడ్డానికి నానక్కడ ఉండవలసింది. గరిటె నా దగ్గరే ఉంది. ఇవ్వను.

నువ్వు ఒదిలీసి ఎల్లినందుకు కాదు నాకు ఒల్లు మండింది. అందరి సేతా మాటలనిపించి సూస్తా కూకున్నందుకు. అది సెప్పీసేవు. మరి దాని ఊసు ఎత్తను.

నానూ ఒక మాట దాసేను. ఆ మూడు గంటలూ ఏడుస్తా కూకున్నానని అందరూ అనీసుకున్నారు. ఏడవలేదు. ముందు కోపమొచ్చింది. అరగంటకి పోయింది. గార్డు పెల్లాం బెల్లం టీ ఇచ్చింది. దాని బాస నాకు రాదు, నా బాస దానికి రాదు. ఇద్దరం రాయి మీద కూకుని రేగుపళ్ళు తిన్నాం. అందరితో దిగినప్పుడు నాను ఆ నీళ్ళు సూడనే లేదు, పిల్లల సెప్పులు కాసేను. అప్పుడు సూసేను. కింద పడతన్నాయి అని రాసేవట. ముందు పొగలాగ లేస్తాయి. నువ్వు సూడలేదు. మూడు గంటలు నన్నెవరూ ఏటీ అడగలేదు. మాత్తర్లెక్కడున్నాయనలేదు, తువ్వాలెక్కడుందనలేదు. వ్యాను మల్లీ వొచ్చినప్పుడు, అప్పుడేనా అనిపించింది. తప్పో ఏటో నాకు తెల్దు. నాకలాగే అనిపించింది.

సీరామ్మూర్తిని రమ్మను. ఆడి మీద కోపం లేదని నోటితో సెప్తే గానీ ఆడు అన్నం తినడు.

నాను ఇప్పుడే రాను. పెట్టి అక్కర్లేదు, మల్లీ అటక మీద పెట్టీయ్. తమ్ముడి తోటలో జీడిమామిడి రాల్తంది. పిక్కలు ఏరడానికి మడుసులు సాలట్లేదు. అవి అయ్యేదాకా ఉంటాను. తరవాత సంగతి తరవాత.

నువ్వు రాదల్సుకుంటే రా. రమ్మని బతిమాలను. ఇక్కడ ఎవలితోటీ మాటాడక్కర్లేదు. ఒంగి ఏరడమే. నీకు సరిపోయిన పని.

ఎండెక్కకుండా పొద్దున్న ఆరింటికే తోటకెల్తాం. లెగడం ఆలిస్యమైతే నీ కోసం ఆగం.

కాశమ్మ